పైపు పొగాకుకు పనికివచ్చే ఆకు: లోపం పొలంలోనా, బ్యారన్‌లోనా?

ప్రశ్న: బ్యారన్‌లో (వేడితో ఆకు ఆరబెట్టే కొట్టులో) క్యూరింగ్ చేసే వర్జీనియా పొగాకు పండిస్తున్నాను. దిగుబడి బాగున్నా, పైపు పొగాకు తయారీదారులకు ఆకు సమకూర్చే వ్యాపారి నా ఆకులో పక్వం, తీపి లేవని, మంచి ఆకు ఎక్కడా దొరకడం లేదని అన్నారు. ఏమి చేయాలి? – ఒక రైతు

జవాబు: మీ విషయంలో మొదట అనుమానించవలసింది నత్రజనిని. మోతాదు మించినా, ఆలస్యంగా వేసినా ఆకు పచ్చగా ఉండిపోయి, పిండిపదార్థం సరిగా చేరక, చక్కెర తగ్గి నికోటిన్ పెరుగుతుంది. దిగుబడి బాగుందని మీరే రాశారు కనుక ఈ అనుమానం మరింత బలపడుతోంది. పొటాష్‌ను సల్ఫేట్ రూపంలోనే వేయండి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లోని క్లోరైడు వల్ల ఆకు తేమ పీల్చి సరిగా కాలదు, పైపులో ఇది పెద్ద లోపం. మొక్కల తలలు (పూమొగ్గలు) తుంచి, పిలకలు ఎప్పటికప్పుడు తీసి, కింది నుంచి పక్వానికి వచ్చిన రెండు మూడు ఆకులను మాత్రమే ఒక్కో రెలుపులో (కోత విడతలో) కోయండి.

బ్యారన్‌లో ఆకు పసుపు రంగుకు తిరిగే దశే కీలకం. సుమారు 35–38 డిగ్రీల సెల్సియస్ వేడి, అధిక తేమ ఉన్నప్పుడు పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తొందరపడి వేడి పెంచితే ఆ మార్పు ఆగిపోయి పచ్చదనం నిలిచిపోతుంది. చివర ఈనె ఆరే దశలో 71 డిగ్రీలు మించనివ్వకండి, మించితే ఆకు ఎరుపెక్కుతుంది.

ఇక వ్యాపారి మాటలోనూ నిజముంది. పొగాకులో అధికభాగం కొనేది సిగరెట్ పరిశ్రమ. ఆకును సన్నగా తరిగి వాడే ఆ పరిశ్రమకు, పైపు తయారీదారు కోరేటంత పక్వమైన, నిండైన ఆకు అవసరం తక్కువ. అమెరికాలో కోటా, మద్దతు ధరల విధానం 2004 నాటి చట్టంతో రద్దయ్యాక చాలామంది చిన్న రైతులు ఈ సాగు మానుకున్నారు. అక్కడి లూసియానా రాష్ట్రంలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో (జిల్లాలో) పీపాలలో నొక్కి పులియబెట్టే పెరీక్ అనే పైపు పొగాకు ఒక దశలో కొద్దిమంది రైతుల చేతుల్లోనే మిగిలింది. పైగా పైపు ఆకును ఏళ్ల తరబడి మాగబెట్టాలి, అంతకాలం పెట్టుబడి ఎవరు భరించాలన్న చిక్కు ఉంది.

ఆ భారం మీ మీద పడకుండా, నాట్లకు ముందే గ్రేడు, తేమశాతం, ధర రాసుకున్న ఒప్పందం అడగండి. అది కుదిరితే కొద్ది విస్తీర్ణంలో నత్రజని తగ్గించి, ఆ ఆకును విడిగా క్యూరింగ్ చేసి, నమూనా చూపించండి.