తిన్నందుకు జరిమానా కట్టకమ్మా

ప్రశ్న: టీచర్ గారూ, నాకు 24 ఏళ్లు. ఆర్నెల్ల క్రితం మా పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో మేనత్త అందరి ముందూ "ఏందే, ఇట్టా లావైపోయినావు?" అంది. అప్పటి నుంచి పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర మేడ మీద నడుస్తున్నాను. రాత్రి అన్నం మానేశాను. ఒక్కరోజు నడక తప్పితే టెన్షన్‌తో నిద్ర పట్టదు. రోజుకు మూడుసార్లు బరువు చూసుకుంటాను. అయినా అద్దంలో లావుగానే కనిపిస్తున్నాను. మూడు నెలలుగా నెలసరి కూడా రాలేదు.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మణ్ణీ, చివర్లో దాచినట్టు రాసిన మాట ముందు చూద్దాం. ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లు. థైరాయిడ్ లాంటి కారణాలూ ఉండొచ్చు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. తిండి తగ్గి శ్రమ పెరిగినా ఒంటికి శక్తి చాలక నెలసరి ఆగిపోతుంది. అలాగే సాగితే ఎముకలు పలచబడతాయి. ఎంత నడుస్తున్నావో, ఏం తింటున్నావో ఆమెకు దాచకుండా చెప్పు.

నెల్లూరులో 28 ఏళ్లు ఆడపిల్లలకు ఆటలు నేర్పాను. నాకూ ఈ బాధ తెలుసు. రెండో కాన్పు తర్వాత ఒక పెళ్లిలో ఎవరో అన్న మాట పట్టుకుని, అన్నం తగ్గించి, స్కూలు గ్రౌండ్ చుట్టూ రోజూ పరిగెత్తేదాన్ని. చేపల పులుసు తిన్న మర్నాడు ఇంకో పది రౌండ్లు. అవి తిన్నందుకు నాకు నేనే వేసుకున్న జరిమానా. చివరికి కాలి ఎముకకు సన్నగా పగులొచ్చింది. ఆరు వారాలు కుర్చీలో కూర్చుని ఖోఖో పిల్లలకు విజిల్ ఊదాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వారానికి 150 నుంచి 300 నిమిషాలు వేగంగా నడవమనీ, రెండు రోజులు కండరాలకు పని చెప్పమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. నువ్వు 1,260 నిమిషాలు నడుస్తున్నావు, అదీ కడుపు మాడ్చుకుని!

నీ బరువెంతో రాయలేదు, నేనూ అడగను. ఆ మిషన్‌ను అమ్మకిచ్చి బీరువాలో పెట్టించు. పొద్దుటికీ రాత్రికీ కిలో తేడా మామూలే. ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు పెరిగేది చాలావరకు ఒంట్లో నిలిచిన నీరే.

రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టు. పక్కన పప్పో గుడ్డో ఉండాలి. డాక్టర్ సరేనన్నాక రోజుకు అరగంట నడక చాలు, వారంలో ఒకరోజు పూర్తిగా మానెయ్యి. ఆ రోజు మొదట్లో గుబులుగానే ఉంటుంది. తట్టుకోలేకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వం వారి హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మేడ మీద ఒంటరిగా మాత్రం వద్దు. నేను తేరుకుంది బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు గట్టున, తోటి టీచర్లతో కబుర్లాడుతూ నడిచే. వాచీ ఇంట్లోనే వదిలేసేదాన్ని.

మేనత్త మళ్లీ అంటే "అత్తా, నా ఒళ్లు గురించి మాట్లాడొద్దు, బాధగా ఉంది" అని అక్కడే చెప్పు. నోరు రాకపోతే అమ్మతో చెప్పించు. డాక్టరమ్మ ఏమన్నారో నాకు రాయి. ఎదురుచూస్తుంటాను.