పద్యంలో శబ్దాలంకారాలు, ఉపమానాలు అర్థాన్ని ఎలా మారుస్తాయి?

శబ్దం పద్యంలోని భావాన్ని చెవికి అనుభవంలోకి తెస్తే, ఉపమానం దాన్ని కంటికి చూపిస్తుంది. మామూలు మాట చెప్పలేని అర్థం ఆ రెండూ కలిసినప్పుడే వస్తుంది. మనం మాట సారాన్ని బుద్ధితో గ్రహిస్తాం, కానీ దాని నడక, మోత అంతకు ముందే చెవిని తాకుతాయి. చెవి ఒకలా సిద్ధమయ్యాక అదే మాట వేరుగా వినిపిస్తుంది.

పోతన భాగవతంలో ప్రహ్లాదుడి పద్యం చూడండి: "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు". ఈ ఒక్క ముక్కలో 'మ' ఏడుసార్లు వస్తుంది. పెదవులు మూసి తెరిచే ఆ అక్షరం, మధ్యలో 'ంద' మోత, తుమ్మెద ఝుంకారంలా సాగుతాయి. ఇక మదనం అంటే ఉమ్మెత్త, విషపు మొక్క. విష్ణువును తలచే మనసు వేరేవైపు పోదన్న మాట ఇక్కడ వాదన కాదు, మందారపు తేనె తాగిన తుమ్మెద సహజ స్వభావం. "వోవునే", అంటే "పోతుందా?" అనే ప్రశ్నకు జవాబు చదివేవాడే చెప్పుకుంటాడు. అందం అక్కడే ఉంది!

అలంకారం పైపూత మాత్రమేనని చాలామంది అనుకుంటారు. "తేనె తాగిన తుమ్మెద ఉమ్మెత్తకు పోదు" అని రాసి చూడండి, సమాచారం మిగులుతుంది, మైమరపు పోతుంది. అలాగని 'మ'కు సొంతంగా తీపి ఏమీ లేదు. మంట, మరణం కూడా దానితోనే మొదలవుతాయి. చుట్టూ ఉన్న అర్థమే దాన్ని మెత్తగా చేస్తుంది.