పుస్తకాల సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జపాన్ రచయిత్రి యోకో ఒగావా రాసిన 'ద మెమరీ పోలీస్' నవల ఇంగ్లిషు అనువాదంలో చదివాను. ఒక ద్వీపంలో ఒక్కో వస్తువూ మాయమైపోతుంటుంది. జనం దాన్ని మరచిపోతారు. మరచిపోనివాళ్లని పోలీసులు పట్టుకుపోతారు. ఈ పోలీసుల వెనక ఎవరున్నారో, ఇదంతా ఎందుకో ఆఖరిదాకా చెప్పలేదు. జనం ఒక్కసారి కూడా తిరగబడరు. 'ఇంతేనా?' అనిపించింది. నేనేమైనా వదిలేశానా?
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఏమీ వదల్లేదమ్మా. రచయిత్రే చెప్పలేదు. కాకపోతే మీరు పోలీసుల్నే చూస్తూ కూర్చున్నట్టున్నారు. ఈసారి ఇరుగుపొరుగుని చూడండి.

ఫొటోలు మాయమైన రోజు గుర్తుందా? ఎవరూ తలుపు తట్టి అడగలేదు. కథ చెప్పే అమ్మాయి తన ఫొటోలు తనే పోగుచేసి తగలబెడుతుంది. వద్దని బతిమాలేది ఆర్ ఒక్కడే. అతను ఆమె నవలలకు ఎడిటర్. ఏదీ మరచిపోలేడు కాబట్టి ఆమె ఇంట్లోనే రహస్యపు గదిలో దాక్కుని ఉంటాడు. గులాబీలప్పుడూ అంతే, పెరట్లో పెంచుకున్నవాళ్లే తెచ్చి నదిలో వదిలేస్తారు. టోపీలు పోతే టోపీలు కుట్టేవాడు గొడుగులు చేసుకుంటాడు. ఫెర్రీ పోతే దాని మెకానిక్ గోదాముకి వాచ్‌మన్ అవుతాడు. రెండ్రోజులు వెలితిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. నాకు వణుకు పుట్టించింది ఆ సర్దుకుపోవడమే. మాయం చేసేది పోలీసులేనని నవల ఎక్కడా తేల్చదు. వాళ్లకి మిగిలిన పని, జ్ఞాపకం ఉన్నవాళ్లని ఏరుకుపోవడం. ఏం పోయిందో గుర్తులేనివాడు దేని కోసం తిరగబడతాడు, చెప్పండి?

క్యాలెండర్లు పోయాక చలికాలం ఆగిపోతుంది, మంచు కురుస్తూనే ఉంటుంది. ఏ సర్కారు జీవో ఇచ్చినా వసంతం ఆగదు కదా! అందుకే దీన్ని రాజకీయ నవలగా మాత్రమే చదివితే సగం చేజారుతుంది. ఇంగ్లిషులో 2019లో రావడంతో చాలామంది అప్పటి వార్తలకు ముడిపెట్టారు. జపనీస్‌లో వచ్చింది 1994లో. నాజీలకు దొరక్కుండా రహస్యపు గదుల్లో దాక్కున్న యూదు బాలిక అన్నె ఫ్రాంక్ డైరీని ఒగావా చిన్నప్పుడే చదివి, ఆ ప్రభావంతోనే రాయడం మొదలుపెట్టానని చెప్పుకున్నారు. ఆర్ దాక్కున్న గది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు.

నవలలో ఆ అమ్మాయి రాస్తున్న ఇంకో నవల ఉంది చూడండి, గొంతు పోయిన టైపిస్టు కథ. చాలామంది విసుగొచ్చి ఆ పేజీలు తిప్పేస్తారు. తిప్పేయకండి. టైపిస్టుని గడియారపు గోపురంలో బంధించింది పోలీసులు కాదు, ఆమె ప్రేమించిన టైపింగ్ మాస్టారే. అది చదివి మళ్లీ ఆర్ గది దగ్గరికి రండి. ఆర్ గదిలో ప్రేమతో దాచిపెట్టడం, గోపురంలో ప్రేమ పేరుతో బంధించడం. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందని ఒగావా అడుగుతున్నట్టు నాకనిపిస్తుంది. పోలీసుల గుట్టు కన్నా ఇదే పెద్ద చిక్కుముడి.

ప్రశ్న: నాకు భయపెట్టే పుస్తకాలు పడవు. చదివితే నిద్ర పట్టదు. ఒగావావి తేలికైనవి ఉన్నాయా?
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: 'ద హౌస్‌కీపర్ అండ్ ద ప్రొఫెసర్' తీసుకోండి. ఇదీ జ్ఞాపకాల గొడవే గానీ పోలీసులు లేరు. ఒక ప్రమాదం తర్వాత లెక్కల ప్రొఫెసరుకి కొత్తగా జరిగేదేదీ 80 నిమిషాలకు మించి గుర్తుండదు. కోటు నిండా చీటీలు తగిలించుకుని తిరుగుతుంటాడు. ఇంట్లో పనికి వచ్చే ఆవిడ అతనికి రోజూ కొత్త మనిషే. ఆమెకి పదేళ్ల కొడుకు. వాడి నడినెత్తి చదునుగా ఉందని ప్రొఫెసరు 'రూట్' అని ముద్దుపేరు పెడతాడు, వర్గమూలం గుర్తుని తలచుకుని. కథలో వచ్చే ప్రధాన సంఖ్యలంటే మీకు స్కూల్లోనే టెన్షన్ అయితే కొంచెం నెమ్మదిగా చదవండి. బేస్‌బాల్ కూడా వస్తుంది, అది తెలియకపోయినా నష్టం లేదు, నాకూ తెలియదు. అనువాదం దీనికీ స్టీఫెన్ స్నైడర్‌దే. పుస్తకం చిన్నది, రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది.