వంటింటి ఉత్తరాలు: జాజికాయ మీద మీ ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి జాజికాయ గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట పెట్టాం. వంట ప్రశ్నలూ మందు ప్రశ్నలూ కలిసే వచ్చాయి. విడదీయలేదు, ఎందుకంటే ఈ కాయ విషయంలో ఏం అడిగినా ముందు తేలాల్సింది ఒకటే, ఎంత వేస్తున్నాం అన్నది.

అక్కా, ఆదివారం బిర్యానీకి మసాలా ఇంట్లోనే కొట్టి వేశాను. కేజీ మటన్‌కి ఒక జాజికాయ మొత్తం వేసేశాను. ముద్ద నోట్లో పెట్టగానే చేదు, నాలుక మీద అదోలా ఘాటు. మా ఆయన ఏమీ అనలేదు గానీ మా అత్తయ్య గారు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. అసలు ఎంత వేయాలి? (గజపతినగరం)

పావు ముక్క చాలమ్మా, కేజీ మాంసానికి. జాపత్రి కూడా వేస్తున్నారంటే ఇంకా తగ్గించండి, రెండూ ఒకే ఇంటి వాసనలు కాబట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. నెలకు సరిపడా గరం మసాలా కొట్టుకునే వాళ్లయితే పావు కిలో దినుసులన్నిటికీ కలిపి ఒక్క కాయ వేసుకోండి. దనియాలు గుప్పెడు ఎక్కువైనా కూర తినగలం. లవంగం నాలుగు ఎక్కువైనా ఏదోలా సర్దుకోవచ్చు. జాజికాయ అలా కాదు, కొలత దాటిందంటే మిగతా రుచులన్నీ పక్కకు పోయి అదొక్కటే మిగులుతుంది.

ఇంకో సంగతి. పొడి చేసి డబ్బాలో పోసి ఉంచిన జాజికాయకీ, అప్పటికప్పుడు తురిమిన దానికీ చాలా తేడా. దీని వాసనంతా లోపలి నూనెలో ఉంటుంది, ఆ నూనె గాలి తగిలితే ఎగిరిపోతుంది. పొడి పాతబడే కొద్దీ వాసన పోయి చేదు మాత్రం ఉండిపోతుంది, వాసన రాలేదని మనం ఇంకాస్త వేస్తాం, దాంతో ఇంకా చేదు. అందుకే కాయను కాయగానే ఉంచుకుని, అల్లం తురిమే సన్నటి తురుముపీట మీద వంట చివర్లో నాలుగైదుసార్లు గీయండి. కాయను అడ్డంగా కోసి చూశారా ఎప్పుడైనా? లేత గోధుమరంగు మీద ముదురు గోధుమరంగు తీగలు పాకినట్టు ఉంటాయి. నూనె ఎక్కువగా ఉండేది ఆ ముదురు గీతల్లోనే. తురిమిన వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంటే మీకే తెలుస్తుంది ఎంత వేయాలో.

పాలు, నెయ్యి, మీగడ, కొవ్వున్న మాంసం, వీటితో జాజికాయ బాగా కలుస్తుంది, దాని నూనె కొవ్వులోనే కరుగుతుంది కనుక. పాలకోవా, క్యారెట్ హల్వా, తియ్యగుమ్మడికాయ హల్వా, సేమ్యా పాయసం, వీటిల్లో వేయండి. మెత్తగా మెదిపి వెన్న వేసిన బంగాళదుంపలో కూడా చాలా బాగుంటుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. చింతపండు పులుసుల్లో, చారులో మాత్రం వద్దు, పులుపుతో దానికి పొసగదు అని నా అభిప్రాయం.

జాజికాయ, జాపత్రి ఒకే చెట్టువా? అయితే జాపత్రికి అంత రేటేంటి? (రాజాం)

ఒకే చెట్టు, ఒకే కాయ. పండు పసుపు రంగులో నిమ్మకాయ కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. పండాక తనంతట తానే రెండుగా విచ్చుకుంటుంది. లోపల నల్లగా మెరిసే పెంకు, ఆ పెంకు చుట్టూ ఎర్రటి జల్లెడలా అల్లుకున్న తొడుగు. ఆ తొడుగును చేత్తో మెల్లగా ఊడదీసి ఎండబెడితే ఎరుపు తగ్గి నారింజ పసుపుకు తిరుగుతుంది, అదే జాపత్రి. పెంకుతో ఉన్న గింజను వారాల తరబడి ఎండబెడతారు. ఊపితే లోపల గలగలలాడుతుంది, అప్పుడు పగలగొడితే వచ్చేది జాజికాయ. కాయ బరువుతో పోలిస్తే పైన తొడుగు ఎంత? ఎండాక ఇంకెంత? రేటు అక్కడే పెరిగింది. కేరళలో పై గుజ్జును కూడా పారేయరు, ఊరగాయ పెడతారు.

దీని పుట్టిల్లు ఇండొనేషియాలోని బందా దీవులు. కొన్ని వందల ఏళ్లు ప్రపంచమంతటికీ జాజికాయ అక్కడి నుంచే వెళ్లింది. దీని కోసమే 1621లో డచ్చి కంపెనీ ఆ దీవుల మీద పడి అక్కడి జనాన్ని దాదాపు తుడిచిపెట్టింది. చంపినవాళ్లను చంపి, మిగిలినవాళ్లను బానిసలుగా తీసుకుపోయింది. 1667లో డచ్చివాళ్లకూ ఇంగ్లిషువాళ్లకూ మధ్య బ్రెడా ఒప్పందం జరిగినప్పుడు బందా దీవుల్లోని రన్ అనే చిన్న దీవి డచ్చివాళ్లకు ఉండిపోయింది, వాళ్ల చేతిలోంచి పోయిన మన్‌హటన్ ఇంగ్లిషువాళ్లకు ఉండిపోయింది, ఇప్పటి న్యూయార్క్ నడిబొడ్డు అదే. తర్వాత ఇంగ్లిషువాళ్లు మొక్కల్ని వేరే దేశాలకు పట్టుకెళ్లి నాటారు. అలా చేరిన గ్రెనడా అనే దేశం ఏకంగా తన జెండా మీదే జాజికాయ బొమ్మ పెట్టుకుంది. మన దేశంలో ఎక్కువగా పండేది కేరళలో.

కొట్లో కొన్న కాయల మీద తెల్లగా పొడి ఉంది. ఒకదానికి చిన్న చిల్లు కూడా ఉంది. వాడొచ్చా? (చీపురుపల్లి)

తెల్లటి పొడి ఒకేలా, పొడిగా, సున్నంలా ఉంటే అది నిజంగానే సున్నం కావచ్చు. పురుగు పట్టకుండా కాయలకు సున్నం పూయడం పాతకాలం నుంచీ ఉంది. తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి వాడుకోండి. అదే మచ్చలు మచ్చలుగా, నూగులా, ముక్క వాసనతో ఉంటే బూజు, ఆ కాయ పారేయండి. ఎండలో పెడితే పోతుందిలే అనుకోవద్దు, బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది లివర్‌ను దెబ్బ తీస్తుంది, ఎండకీ మంటకీ తేలిగ్గా పోదు. చిల్లు ఉన్న కాయ పురుగు తిన్నది, అదీ వద్దు.

మంచి కాయ సైజుకు మించి బరువుగా ఉంటుంది. సూది కాస్త వేడి చేసి గుచ్చితే చుట్టూ నూనె చెమర్చాలి. కోలగా సన్నగా పొడుగ్గా ఉండి వాసన పెద్దగా లేకపోతే అడవి రకం అయ్యుండొచ్చు. దాని జాపత్రినే రాంపత్రి అంటారు, అసలు దానిలో కలిపి అమ్మే వాళ్లున్నారు.

మా పాపకు మూడో నెల. రాత్రి నిద్రపోవడం లేదు, విరేచనం పల్చగా అవుతోంది. జాజికాయ సాన మీద అరగదీసి నాకించమని మా నాయనమ్మ అంటోంది. మా ఇంట్లో అందరికీ అలాగే పెట్టారంట. పెట్టొచ్చా? (పాలకొండ)

వద్దమ్మా. ఈ ఒక్క జవాబైనా ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప తేనె వద్దు, నీళ్లు వద్దు, ఉగ్గు వద్దు. జాజికాయలో మిరిస్టిసిన్ లాంటి పదార్థాలున్నాయి, అవి మెదడు మీద పనిచేస్తాయి. పెద్దవాళ్లకు చిటికెడు అన్నది అయిదు కిలోల పాపకు చిటికెడు కాదు. సాన మీద రెండు తిప్పులకు ఎంత వచ్చిందో, నాలుగు తిప్పులకు ఎంత వచ్చిందో ఎవరు కొలిచారు? కాయ కొత్తదైతే నూనె ఎక్కువ, పాతదైతే తక్కువ. పాప నిద్రపోయిందని మనం సంతోషిస్తాం, అది నిద్రో మత్తో మనకు తెలియదు. పైగా ఆ సానరాయి ఎంత కడిగినా దాని గరుకులో ఏముందో, విరేచనాలవుతున్న బిడ్డ నోట్లోకి అది పోవడం ఇంకా ప్రమాదం.

నాయనమ్మ గారి మీద నాకు గౌరవమే. వాళ్ల కాలంలో ఆసుపత్రి లేదు, ఉన్నదానితో బిడ్డల్ని కాపాడుకున్నారు. అందరికీ పెట్టారు నిజమే, కానీ ఆ రోజుల్లో దక్కని బిడ్డలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, ఆవిడనే అడగండి, చెబుతారు. ఇప్పుడు మీ ఊళ్లో ఆశా కార్యకర్త ఉంటుంది, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉంది. పాలు మానకుండా ఎక్కువసార్లు పట్టిస్తూ ఈ రోజే చూపించండి, ఓఆర్ఎస్ ఎంత పట్టాలో, జింక్ మందు కావాలో లేదో వాళ్లు చెబుతారు. పాప పాలు తాగకపోయినా, మూత్రం తగ్గినా, మాడు లోపలికి పోయినట్టున్నా, పిలిస్తే పలక్కుండా మత్తుగా ఉన్నా తెల్లవారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. పాలు సరిగ్గా తాగే బిడ్డకు విరేచనం కాస్త పల్చగా ఉండడం మామూలే కావచ్చు కూడా, అది కూడా చూసినవాళ్లే చెప్పాలి.

నా వయసు 63. నిద్ర పట్టక రాత్రి పాలలో జాజికాయ పొడి అర చెంచా కలుపుకుని తాగుతున్నాను. తెల్లవారుజామున గుండె దడగా, నోరు ఎండిపోయి మెలకువ వస్తోంది. టెన్షన్‌గా ఉంది. దీనివల్లేనా? (శ్రీకాకుళం)

అయ్యుండొచ్చండీ, ముందు ఆపేయండి. టీ చెంచాతో అర చెంచా అంటే గ్రాము పైనే. ఒక మామూలు కాయ 5 నుంచి 7 గ్రాములుంటుంది. 5 గ్రాముల దగ్గర నుంచే విషలక్షణాలు బాగా కనిపిస్తాయని వైద్యులు నమోదు చేశారు, కొందరికి అంతకన్నా తక్కువకే. వికారం, గుండె వేగం, నోరెండిపోవడం, తల తిరగడం, లేనివి ఉన్నట్టు కనిపించడం, భయం. తిన్న వెంటనే ఏమీ కాదు, మూడు నుంచి ఆరు గంటల తర్వాత మొదలై ఒక రోజు పైగా ఉండొచ్చు. మీకు తెల్లవారుజామున దడ రావడం ఆ లెక్కకు సరిపోతోంది. అయినా ఆ వయసులో గుండె దడను జాజికాయ మీద తోసేసి ఊరుకోవద్దు, ఈసీజీ తీయించుకోండి. నిద్రమాత్రలు, డిప్రెషన్ మందులు వాడుతుంటే డాక్టరుకు ఈ పాల సంగతి దాచకుండా చెప్పండి.

జాజికాయతో నిద్ర పడుతుందని ఆయుర్వేదంలో చాలాకాలంగా వాడుతున్నారు, కానీ మనుషుల మీద గట్టి పరీక్షలతో తేలిన విషయం కాదు. గ్లాసు వేడి పాలలో రెండు గీతలు తురుముకుంటే కమ్మగా ఉంటుంది, ఆ రుచికోసం తాగండి, చాలు.

ఇదే సందర్భంలో కాలేజీ పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మత్తు కోసం జాజికాయ పొడి చెంచాలకొద్దీ మింగమని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. మొదట ఏమీ కాలేదని పిల్లలు ఇంకా మింగుతారు, అసలు ప్రమాదం అక్కడే. అలా జరిగిందని తెలిస్తే తిట్లు తర్వాత, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మొటిమల మచ్చలకు పాలలో అరగదీసి రాయొచ్చా? (విజయనగరం)

మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. మంట, దద్దురు లేకపోతే అప్పుడు ముఖం సంగతి ఆలోచించండి. పచ్చి మొటిమ మీద, కంటి దగ్గర వద్దు. మచ్చలు పోతాయని నేను హామీ ఇవ్వలేను.

మాది ఉద్దానం. మా నాన్నగారికి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుంది. జాజికాయ కషాయం తాగితే కిడ్నీలు శుభ్రపడతాయని ఒకాయన చెబితే మొదలుపెట్టారు. (కవిటి మండలం)

ఆపించండి బాబూ. కిడ్నీని శుభ్రం చేసే గుణం జాజికాయకు ఉందని ఎక్కడా రుజువు కాలేదు. దెబ్బతిన్న కిడ్నీ మామూలు మందునే సరిగ్గా బయటికి పంపలేదు, ఇక రోజూ ఎంత పోస్తున్నామో తెలియని కషాయం సంగతి చెప్పాలా. ఉద్దానంలో ఎన్ని ఇళ్లు ఈ జబ్బుతో నలిగిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ బాధలో ఎవరు ఏ ఆకు చెప్పినా, ఏ కాయ చెప్పినా ఆశ పుడుతుంది, అందులో నాన్నగారి తప్పేమీ లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023లో మొదలయ్యాయి. అక్కడ చూపించి, ఇప్పటిదాకా తాగిన కషాయం గురించి కూడా చెప్పండి. కూరలో పడే చిటికెడు మసాలాకు భయపడక్కర్లేదు, ఉప్పు, పప్పు లాంటి వాటి విషయంలో డాక్టరు రాసిచ్చిన పథ్యమే పాటించాలి.

సంక్రాంతి బూరెల పూర్ణంలో జాజికాయ ఎప్పుడు వేయాలి? (నెల్లిమర్ల)

పొయ్యి దించాక. పావు కిలో శనగపప్పు నానబెట్టి, వేలితో నొక్కితే చితికేలా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చి (ఆ నీళ్లతో చారు పెట్టుకోండి) మెత్తగా రుబ్బండి. పావు కిలో బెల్లం వేసి దగ్గర పడేదాకా కలుపుతూ ఉంటే గరిటెకు అంటకుండా ముద్దవుతుంది, అప్పుడు చెంచా నెయ్యి వేసి దించేయండి. వేడి తగ్గి చెయ్యి పట్టేలా అయ్యాక యాలకుల పొడి, దాని మీద జాజికాయ నాలుగు గీతలు. ఉడుకుతుండగా వేస్తే వాసన ఆవిరితో పోతుంది. ఉండ చేసి పిండిలో ముంచి నూనెలో వేశాక మాత్రం పై పొర కాపాడుతుంది, బూరె విరిచినప్పుడు బయటపడుతుంది. పలాస జీడిపప్పు నేతిలో వేయించి పలుకులుగా కలిపితే ఇంకా బాగుంటుంది.

మా కొబ్బరి తోటలో జాజికాయ మొక్క వేయొచ్చా? (కంచిలి)

కొబ్బరి నీడ దానికి ఇష్టమే, కేరళలో అంతర పంటగా అలాగే వేస్తారు. కానీ దానికి ఏడాదంతా తేమ కావాలి, 150 సెంటీమీటర్లకు పైగా వాన పడే చోట హాయిగా పెరుగుతుంది. మన దగ్గర అంత పడదు, కాబట్టి వేసవిలో నీళ్లు పెట్టగలిగితేనే దిగండి. గింజతో మొలిచిన మొక్కల్లో ఆడవీ మగవీ వేరువేరుగా ఉంటాయి, పూతకు వచ్చేదాకా ఏది ఏదో తెలియదు, అది ఏడెనిమిదేళ్ల మాట. అందుకని కాసే ఆడచెట్టు నుంచి కట్టిన అంటు మొక్కలే అడిగి తీసుకోండి, పది ఆడ మొక్కలకు ఒక మగ మొక్క ఉండేలా చూసుకోండి. ముందు పది, పదిహేను మొక్కలతో మొదలుపెట్టి రెండు వేసవులు తట్టుకున్నాయో లేదో చూశాకే మిగతా తోటలోకి వెళ్లండి.