ఇంపెయిర్‌మెంట్ నష్టం అంటే డబ్బు పోయినట్టేనా?

మీరు షేర్లు కొన్న రియల్ ఎస్టేట్ కంపెనీ అద్దెలు బాగానే వస్తున్నాయంటూనే ఇంపెయిర్‌మెంట్ పేరుతో పెద్ద నష్టం చూపించిందనీ, ఆ డబ్బు ఎటు పోయిందనీ అడిగారు. ఈ ఏడాది ఎటూ పోలేదు. భవనం కొన్న రోజే బయటికి వెళ్లింది. అప్పుడు పెట్టినంత ఇక రాదని కంపెనీ ఇప్పుడు ఒప్పుకుంటోంది.

ఐఏఎస్ 36 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం రెండు విలువలు కడతారు: అమ్మితే ఖర్చులు పోను ఎంత వస్తుంది, ఉంచుకుంటే ముందుముందు వచ్చే ఆదాయం నేటి లెక్కలో ఎంత. వీటిలో ఎక్కువైనదాన్ని తీసుకుంటారు. అది కూడా పుస్తకాల్లో ఉన్న విలువ కంటే తక్కువైతే, ఆ తేడాయే ఇంపెయిర్‌మెంట్.

అద్దె పైసా తగ్గకపోయినా ఇది రావచ్చు. ఏటా ఖర్చులు పోను 8 కోట్లు ఎప్పటికీ తెచ్చే భవనాన్ని 8 శాతం డిస్కౌంట్ రేటుతో (ముందుముందు వచ్చే డబ్బును నేటి విలువలోకి తగ్గించే రేటు) లెక్కేస్తే 100 కోట్లు. వడ్డీలు పెరిగి ఆ రేటు 10 శాతమైతే 80 కోట్లే.

నేను దెబ్బతిన్నది దీని తర్వాతి మెట్టు దగ్గర. నా దగ్గరున్న ఒక కంపెనీ ఇలాగే నష్టం ప్రకటించి, "ఇది నగదు నష్టం కాదు" అంది. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తీసి చూస్తే నిజంగానే, నగదు బయటికి పోలేదు కాబట్టి ఆ మొత్తాన్ని లాభానికి తిరిగి కలిపారు. టెన్షన్ తగ్గి, వార్షిక నివేదికలో అప్పుల వివరాలుండే నోట్ చదవకుండానే వదిలేశాను. అసలు సంగతి అందులోనే ఉంది. అప్పు ఆస్తి విలువలో 60 శాతం దాటకూడదని బ్యాంకు షరతు. పై ఉదాహరణలో 55 కోట్ల అప్పు ఉందనుకోండి. భవనం 100 కోట్లున్నప్పుడు అది 55 శాతం, 80 కోట్లకు పడితే దాదాపు 69 శాతం. ఒక్క వాయిదా ఎగ్గొట్టకుండానే షరతు తప్పినట్టు. మరుసటి ఏడాది ఆ కంపెనీ అప్పు తగ్గించుకోవడానికి తక్కువ ధరకు రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మజూపడం) తెచ్చింది. నాకు మళ్లీ డబ్బు పెట్టే వీలు లేక నా వాటా పలచబడింది.

అందుకే ముందు అప్పుల నోట్ తెరవండి. తర్వాత ఇంపెయిర్‌మెంట్ నోట్‌లో కారణం చూడండి. వడ్డీ రేట్ల వల్లయితే, అవి దిగినప్పుడు విలువ కోలుకోవచ్చు, గుడ్‌విల్ (మరో వ్యాపారాన్ని కొన్నప్పుడు దాని నికర ఆస్తుల విలువకు మించి చెల్లించిన మొత్తం) తప్ప మిగతా ఆస్తులపై రాసిన నష్టాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉంది. అద్దెదారులు ఖాళీ చేయడం వల్లయితే నేను చాలా జాగ్రత్తపడతాను.

ఇంకొకటి, వేరే కంపెనీతో పోల్చేటప్పుడు అది ఏ పద్ధతి పాటిస్తోందో చూసుకోండి. అద్దె భవనాలను ఏటా మార్కెట్ విలువకు మార్చే కంపెనీలో వాటిపై ఇంపెయిర్‌మెంట్ అనే పద్దే ఉండదు. తగ్గుదల నేరుగా లాభనష్టాల్లోకి వెళ్తుంది. అమ్ముడుపోని ఫ్లాట్లయితే సరుకు నిల్వల కింద, నిల్వలకు వర్తించే ఐఏఎస్ 2 ప్రమాణం ప్రకారం తగ్గిస్తారు.