ఆఫీసు పని మీద మలావీకి: ఏం చూసుకోవాలి?

ప్రశ్న: ఫిబ్రవరిలో ఆఫ్రికాలోని మలావీ, జాంబియా వెళ్లి, పల్లెల్లో పనిచేసే మా సహోద్యోగులతో రెండు వారాలు ఉండాలి. మొదటిసారి కదా, టెన్షన్‌గా ఉంది. ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు మలేరియా సంగతి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానాకాలం, దోమలు ఎక్కువ, పైగా నివారణ మాత్రలు బయల్దేరకముందే మొదలుపెట్టి తిరిగొచ్చాక కూడా వాడాలి కాబట్టి వెంటనే డాక్టర్ని కలవండి. మట్టిరోడ్లు బురదవుతాయి, ఒక్కరోజులో రెండు మూడు ఊళ్లు పెట్టుకోకండి. రెండు దేశాల డబ్బు పేరూ క్వాచానే గానీ ఒకటి కాదు, మలావీ రాజధాని లిలాంగ్వేలో మిగిలిన నోట్లు జాంబియా రాజధాని లుసాకాలో చెల్లవు.

అన్నిటికంటే ముఖ్యం మనుషులు. వెళ్లగానే లాప్‌టాప్ తెరవకండి. 'మూలి బ్వాంజి' అని, అంటే ఎలా ఉన్నారని, ఒక్కొక్కరినీ పలకరించండి. భోజనానికి పిలిస్తే తప్పకుండా కూర్చోండి. మొక్కజొన్న పిండితో వండిన న్సీమా పొగలు కక్కుతూ వస్తుంది, చేతులు కడుక్కుని కుడిచేత్తో చిన్న ముద్ద చేసి కూరలో అద్దుకుని తినడమే. పనిలో ఏది అడ్డొస్తోందో వాళ్లు నోరు విప్పి చెప్పేది చాలావరకు అప్పుడే, రిపోర్టుల్లో అది కనిపించదు.