డిస్కౌంట్ 8, వడ్డీ 31: ఎక్స్1 కొనాలా, క్యూ3 కొనాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. నేనూ నా భార్యా ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఒక పాప. ఇంటి లోన్ ఇంకా 11 ఏళ్లు ఉంది. బీఎండబ్ల్యూ ఎక్స్1 1.5 లీటర్ పెట్రోల్, ఆడి క్యూ3 2.0 లీటర్ పెట్రోల్ క్వాట్రో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లేది) రెండూ నడిపి చూశాం. ఆన్-రోడ్ ధరలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. క్యూ3 ముందు తరం స్టాక్ కాబట్టి 8 శాతం తగ్గిస్తామంటున్నారు. 10 శాతం కట్టి మిగతాది ఏడేళ్ల లోన్ పెడితే ఈఎంఐ మాకు సరిపోతుంది. డబ్బు పరంగా ఏది మంచిది?

జవాబు: ముందే చెప్పేస్తానండీ, ఈ రెండు కార్ల మధ్య ఉన్న తేడా కంటే, చివర్లో మీరు మామూలుగా అనేసిన ఆ "10 శాతం కట్టి ఏడేళ్లు" దగ్గరే మీకు ఎక్కువ డబ్బు పోతుంది. కాబట్టి మొదట దాని సంగతి చూద్దాం, కార్లు తర్వాత.

ఆన్-రోడ్ ధర 100 అనుకోండి, వడ్డీ 9 శాతం అనుకోండి. 10 మీరు కట్టి 90 అప్పు ఏడేళ్లకు తీసుకుంటే నెలకు 1.45 చొప్పున మొత్తం 121.6 కడతారు, అందులో 31.6 వడ్డీ. అదే 30 చేతి నుంచి కట్టి 70 నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు 1.74 పడుతుంది, వడ్డీ మొత్తం 13.6తో అయిపోతుంది. అంటే తేడా 18. షోరూమ్ వాళ్లు ఇస్తామంటున్న 8 చూసి మీరు ఆలోచనలో పడ్డారు గానీ, దానికి రెండింతలకు పైగా లోన్ కాగితం మీదే పోతోంది. అదనంగా కట్టే ఆ 20 డిపాజిట్‌లో ఉంటే ఎంతో కొంత వచ్చేది కదా అంటారు, నిజమే, ఆ మేరకు తగ్గించి చూసుకోండి. కానీ డిపాజిట్ మీద పన్ను పోగా మిగిలేది కారు లోన్ వడ్డీని దాటడం చాలా అరుదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మూడేళ్లకు మీ ఉద్యోగం వేరే దేశానికి మారిందో, లేక ఇంట్లో డబ్బు అవసరం వచ్చిందో, కారు అమ్మాలనుకున్నారు. ఆన్-రోడ్ ధరలో పన్నులు, రిజిస్ట్రేషన్, బీమా ఎలాగూ తిరిగి రావు, పైగా ఖరీదైన బ్రాండ్ల కార్లకు మొదటి రెండు మూడేళ్లలోనే ధర బాగా పడిపోతుంది. 55కి అమ్మారనుకుందాం. ఏడేళ్ల లోన్‌లో అప్పటికి ఇంకా 58 బాకీ ఉంటుంది, అంటే కారు ఇచ్చేసి, పైన మూడు మీరే ఎదురు కట్టాలి! నాలుగేళ్ల లోన్ అయితే బాకీ 20, చేతికి 35 వస్తాయి. షోరూమ్‌లో ఈఎంఐ గురించి మాత్రమే మాట్లాడించేది ఇందుకే, నెలకు ఎంత అన్నది చూస్తే ఈ లెక్క కనపడదు.

20-4-10 అని ఒక పాత లెక్క ఉంది: కనీసం 20 శాతం ముందు కట్టాలి, లోన్ నాలుగేళ్లు దాటకూడదు, కారు మీద పెట్టే ఖర్చంతా ఆదాయంలో 10 శాతం లోపు ఉండాలి. ఈ తరగతి కార్లకు ఆ చివరి 10 చాలామందికి కుదరదని నాకు తెలుసు, దాని మీద నేను పట్టుబట్టను. ఇంటి ఈఎంఐ, కారు ఈఎంఐ కలిపి ఇద్దరి చేతికొచ్చే జీతంలో 40 శాతం దాటకపోతే, ఒకరి జీతం ఆరు నెలలు ఆగినా ఇల్లు గడిచేంత డబ్బు పక్కన ఉంటే, పాప చదువు కోసం నెలనెలా పెట్టేది ఆపకుండా ఉంటే కొనండి. ఈ మూడిట్లో ఏ ఒక్కటి తప్పినా ఏడాది ఆగండి, ఆ ఏడాదీ 1.74 చొప్పున మీ ఖాతాలోనే దాచండి. దాచగలిగితే ఈఎంఐ కూడా కట్టగలరని తెలుస్తుంది, డౌన్ పేమెంట్‌కి కూడా ఇంకో 20 దాకా జమవుతుంది.

ఇక కార్లు. ఆ 8 శాతం సంగతి చూద్దాం. ఎక్స్1 తరాలు 2009, 2015, 2022లో వచ్చాయి; క్యూ3 తరాలు 2011, 2018, 2025లో. చూశారుగా, రెండూ ఆరేడేళ్లకోసారి మారుతున్నాయి. మీకు ఇస్తున్న క్యూ3 2018లో మొదలైన డిజైన్, దాని తర్వాతి తరం ఇప్పటికే బయటికొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కారు ఏ సంవత్సరానిదో చూస్తారు, "ఇది పాత మోడలా, కొత్త మోడలా" అని కూడా అడుగుతారు. కాబట్టి ఆ 8లో కొంత నిజమైన తగ్గింపు కాదు, రేపు అమ్మేటప్పుడు మీకు పడబోయే కోతను వాళ్లు ఇవాళే చేతిలో పెడుతున్నారు, అంతే. అలాగని ఎక్స్1కి ఆ బాధ లేదనుకోకండి, పాత వరస ప్రకారమే నడిస్తే మీరు నాలుగైదేళ్లకు అమ్మబోయే సమయానికి దానికీ కొత్త తరం వచ్చేసి ఉంటుంది. తేడా ఏమిటంటే, అప్పటికి క్యూ3 ఇంకా ఎక్కువ పాతబడి కనిపిస్తుంది. ఎనిమిది, పదేళ్లు వాడేవాళ్లకు మాత్రం ఇదంతా పెద్దగా పట్టదు, అప్పటికి ఏ కారైనా పాతదే, ఆ 8 దాదాపు పూర్తిగా మిగిలినట్టే.

రెండోది, మీరు పోలుస్తున్నవి నిజానికి ఒకే రకం కార్లు కావు. పొడవు, వెడల్పుల్లో రెండు సెంటీమీటర్ల తేడా కూడా లేదు గానీ, మీరు చూసిన ఎక్స్1లో ఉన్నది మూడు సిలిండర్ల ఇంజిన్, 136 హార్స్‌పవర్, ముందు చక్రాలకే శక్తి. క్యూ3లో నాలుగు సిలిండర్లు, 190 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. ధర దగ్గరగా ఉన్నప్పుడు క్యూ3లో యంత్రం ఎక్కువ వస్తోంది, అందులో అనుమానం లేదు. అయితే ఆ ఎక్కువకి నెలనెలా ఖర్చు కూడా ఉంటుంది: పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండిలో ఒక్క టైరు పాడైనా అరుగుదలలో తేడా రాకుండా చాలాసార్లు నాలుగూ మార్చాల్సి వస్తుంది. మంచు, బురద, ఘాట్ రోడ్లు మీ దారిలో లేకపోతే, ఆఫీసుకూ స్కూలుకూ తిరగడానికి క్వాట్రో కోసం డబ్బు పెట్టడం నాకు అర్థం లేని పనే. ఎప్పుడూ ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుతో ఎత్తులెక్కే ఇల్లయితే మాత్రం 136 తక్కువే అనిపిస్తుంది, అదే లోడుతో ఇంకోసారి నడిపి చూడండి, ఖాళీ కారులో సేల్స్ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని కాదు.

లోపల కూర్చుంటే క్యూ3లో వెనక సీటు ముందుకూ వెనక్కూ 15 సెంటీమీటర్ల దాకా జరుగుతుంది, పాప సీటు, సూట్‌కేసులు రెండూ ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఏసీకి గుండ్రటి నాబ్‌లు ఉన్నాయి. కొత్త ఎక్స్1లో ఆ పనులు చాలావరకు స్క్రీన్ మీదే, పాత బీఎండబ్ల్యూల్లో ఉండే తిప్పుడు బటన్ కూడా తీసేశారు. చూడటానికి బాగుంటుంది, నడుపుతూ వాడటానికి నాకైతే చిరాకు. ఇది డబ్బు విషయం కాదు గానీ, నచ్చని కారును జనం మూడేళ్లకే అమ్మేస్తారు, అప్పుడది డబ్బు విషయమే అవుతుంది.

రెండింటికీ వర్తించే ఖర్చులు కొన్ని ఉన్నాయి. పై వేరియంట్‌లో వచ్చే పెద్ద చక్రాలు ఫొటోల్లో బాగుంటాయి, గుంతలో పడితే టైరు పక్క గోడ చిరిగేది వాటికే, ఖరీదూ ఎక్కువే. ముందు అద్దానికి కెమెరా ఉంటే అద్దం మార్చినప్పుడు దాన్ని మళ్లీ సరిచేయించాలి, ఎల్‌ఈడీ హెడ్‌లైట్ పగిలితే చాలావరకు మొత్తం యూనిట్ మార్చమంటారు. రెండింట్లోనూ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సే (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునేది), అది వారంటీ అయ్యాక పాడైతే బిల్లు చూసి టెన్షన్ తప్పదు, అందుకే నాలుగేళ్లకు మించి ఉంచుకునేట్టయితే పొడిగించిన వారంటీ కొనమంటాను. మామూలుగా ఇలాంటివి వద్దనే మనిషినే నేను.

మీరు కనీసం ఎనిమిదేళ్లు ఉంచుకుంటారంటే క్యూ3 తీసుకోండి, కానీ 8తో సరిపెట్టుకోకండి, మిగిలిపోయిన పాత స్టాకును వదిలించుకోవాల్సిన తొందర వాళ్లది. 12 అడగండి, లేదంటే పొడిగించిన వారంటీ, సర్వీస్ ప్యాకేజీ ఆ 8 పైన కలిపి ఇమ్మనండి. బండి ఎప్పుడు తయారైందో కాగితాల్లో చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 3524 అని ఉంటే ఆ టైరు 2024లో 35వ వారం తయారైందని అర్థం. యార్డులో ఏడాదికి పైగా నిలబడిన బండి అయితే కొత్త బ్యాటరీ వేసి ఇమ్మని బిల్లు మీదే రాయించుకోండి. నాలుగైదేళ్లకే మార్చే అలవాటు మీదైతే ఎక్స్1, అదీ కింది వేరియంట్‌లోనే.

డౌన్ పేమెంట్ 30 ఇప్పట్లో కుదరక ఏడేళ్ల లోనే తీసుకోవాల్సి వస్తే, సంతకం పెట్టే ముందు మూడు సంగతులు అడగండి: మధ్యలో కొంత అసలు కట్టనిస్తారా, ముందే తీర్చేస్తే చార్జీ ఎంత, ఎన్ని నెలల తర్వాత అనుమతిస్తారు. జవాబు నోటిమాటగా కాకుండా లోన్ ఒప్పందంలో ఏ పేజీలో ఉందో చూపించమనండి. బోనస్ వచ్చినప్పుడల్లా అందులోకే కట్టండి, కట్టేటప్పుడు ఈఎంఐ తగ్గించమని కాదు, నెలలు తగ్గించమని రాసివ్వండి.